ఐదో తారీఖు కిస్తీ

వసుమతికి జీవమణి దగ్గర మూడు లక్షల అప్పుందని ఇంట్లోవాళ్ళకి తెలుసు, చుట్టాలందరికీ తెలుసు, పంజాగుట్టలో వాళ్ళుండే అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్యకి కూడా తెలుసు. అలాంటి అప్పేదీ లేదని తెలిసింది మాత్రం ఇద్దరికే. ఒకరు వసుమతి, రెండోవారు జీవమణి.

ఇదేదో మోసం అనుకునేరు. మోసమే అనుకోండి, కాకపోతే ఎవరి సొమ్మూ పోలేదు. ఎలా మొదలైందో వింటే, ఇంతకంటే ఏం చేస్తుంది పాపం అని మీరే అంటారు.

వసుమతిది పీకో పని. అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి, కోచింగ్ సెంటర్ల కరపత్రాలు చేతిలో కుక్కేవాళ్ళని తప్పించుకుని, రెండో సందులోకి తిరిగితే సిల్వియా మ్యాచింగ్ సెంటర్ వస్తుంది. చీరల మీదకి జాకెట్టు ముక్కలు, లంగాలు, ఫాల్సు అమ్మే కొట్టు. కొట్టు జీవమణిది, సిల్వియా ఆవిడ కూతురి పేరు. కొట్టు ముందు వసారాలో వసుమతి మెషిన్ ఉంటుంది. కొత్త చీర పొద్దున్న ఇస్తే ఫాల్ వేసి, అంచులు పీకో కొట్టి సాయంత్రానికల్లా మడతపెట్టి ఇచ్చేస్తుంది. పందొమ్మిదేళ్ళుగా అదే వసారా, అదే స్టూలు. పెళ్ళిళ్ళ రోజుల్లో నెలకి ఇరవై వేలు కళ్ళజూస్తుంది. మూఢం వచ్చిందంటే ఎనిమిది కూడా రావు. పీఎఫ్ లేదు, పెన్షన్ లేదు, ఇక చాల్లే ఇంటికెళ్ళి కూర్చో అని చెప్పే ఆఫీసరూ లేడు.

భర్త రఘురామ్ బేగంపేటలో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో బిల్లింగ్ గుమాస్తా. మనిషి బంగారం. చిక్కంతా అక్కడే వచ్చింది. "రఘూ, చేతిలో కొంచెం ఇబ్బందిగా ఉందిరా" అని ఎవరైనా అన్నారంటే ఆయన గుండె నీరైపోయేది. 'లేదు' అన్న మాట ఆయన నోట్లోంచి వచ్చినట్టు ఆఫీసులో గానీ ఇంట్లో గానీ ఎవరూ వినలేదు. తన జీతం అయిపోయాక భార్య దాచుకున్నది గుర్తుకొచ్చేది. ఇమ్మని అడిగేవాడా అంటే అదీ కాదు. వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని నిట్టూర్చేవాడు. రెండో నిట్టూర్పు పూర్తయ్యేలోపు వసుమతే చేతులు తుడుచుకుని లేచి బీరువా తెరిచేది.

అలా వెళ్ళిపోయాయి ఆమె దాచుకున్నవన్నీ. ఇరవై నెలలు కట్టిన చీటీ పాడుకున్న మర్నాడే ఆడపడుచు మొగుడి రొయ్యల మేత వ్యాపారంలోకి వెళ్ళింది. ఆయన పేరు వీరవెంకటసత్యనారాయణ. ఆ పేరు ఎంత పొడుగో ఆయన పెట్టి మూసేసిన వ్యాపారాల జాబితా అంత పొడుగు. తర్వాత రెండు పేటల గొలుసు ఆయనగారి మంచినీళ్ళ ప్లాంటులోకి వెళ్ళింది. పోస్టాఫీసులో వేసుకున్న అరవై వేలు రఘురామ్ ఆఫీసు స్నేహితుడి ఇంటి స్లాబులో కలిసిపోయాయి. అందరూ తిరిగి ఇస్తామన్నవాళ్ళే. అబద్ధాలాడేవాళ్ళు కారు, నిజంగానే ఇద్దామనుకున్నారు.

వసుమతికి కష్టంగా ఉండేది. కానీ ఆ కష్టాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. దాచుకోవడం అంటేనే ఏదో దొంగపని చేస్తున్నట్టుగా ఉండేది. ఇంట్లో అవసరం ఉండగా నాకంటూ వేరే అనడానికి నోరు రాదు. అంటే ఆ రాత్రి తనకే అన్నం సయించదు.

వసారాలో ఇంకో మూల కుసుమకుమారి కూర్చుంటుంది. వసుమతికి పీకో నేర్పింది ఆవిడే. ఇప్పుడు డెబ్బై మూడేళ్ళు. యూసుఫ్‌గూడలో ఒక గది అద్దెకి తీసుకుని, రోజూ సిటీ బస్సులో వస్తుంది. మెషిన్ తొక్కే ఓపిక పోయాక చేత్తో ఫాల్స్ కుట్టడంలోకి దిగింది. చూపు ఆనదు. కుట్టు అలవాటు మీద పడిపోతుంది గానీ సూదిలో దారం ఎక్కించడం మాత్రం ఆవిడ వల్ల కాదు. అందుకని పొద్దున్న రాగానే వసుమతి ఇరవై సూదులకి దారాలెక్కించి, పాత గుడ్డలు చుట్టిన ఉండకి వరసగా గుచ్చి ఆవిడ ముందు పెడుతుంది. ఆ ఇరవై అయిపోతే మళ్ళీ ఇరవై.

ఏడేళ్ళ కిందట ఒక మే నెల మధ్యాహ్నం, ముఖం కందిపోయి బస్సు దిగిన ఆవిడని చూసి వసుమతి ఉండబట్టలేక అడిగేసింది.

"ఇంకా ఎందుకండీ పెద్దమ్మా ఈ ఎండలో? ఇన్నేళ్ళు కుట్టారు, ఏమీ దాచుకోలేదా?"

"దాచానమ్మా, దాచకేం?" అంది కుసుమకుమారి తలెత్తకుండా. "దాచిందంతా పనికొచ్చింది. అందరూ బాగున్నారు దాంతో."

ఆవిడ గొంతులో నిష్ఠూరమన్నది లేదు. అదే వసుమతిని భయపెట్టింది. అప్పటికి తనకి నలభై ఎనిమిది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఇంకో ఇరవై ఏళ్ళకి తను అదే మూల కూర్చున్నట్టు, తన సూదులకి దారమెక్కించేవాళ్ళ కోసం దిక్కులు చూస్తున్నట్టు అనిపించింది. కోపం కూడా వచ్చింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేకపోయేది.

ఉపాయం ఆ నెలలోనే దొరికింది. రఘురామ్ బండి అప్పు మీద కొన్నది. ఆ నెల ఆఫీసులో జీతాలు ఆలస్యమై ఇంట్లో పదిరోజులు పచ్చడి మెతుకులతో గడిచింది. అయినా ఐదో తారీఖున బండి కిస్తీ మాత్రం వెళ్ళిపోయింది. పైగా అదే వారం సత్యనారాయణగారు ఫోన్ చేశారు. రఘురామ్ మాటల మధ్య కిస్తీ సంగతి ఎత్తాడో లేదో, "అయ్యో, అప్పు అప్పే కదోయ్, ముందది చూసుకో" అని ఆయనే పెట్టేశారు. వంటింట్లో పోపు వేస్తున్న వసుమతి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. దాచుకున్న డబ్బుకి ఈ ఇంట్లో లేని మర్యాద అప్పుకి ఉందన్నమాట!

మర్నాడు కొట్టు తెరవగానే జీవమణితో అంది.

"జీవమణీ, నువ్వు నాకు మూడు లక్షలు అప్పిచ్చావు."

"నేనా? ఎప్పుడక్కా?"

"మొన్న. కొత్త మెషిన్‌కి, ఈ వసారా అడ్వాన్సుకి. నెలనెలా నీకు నాలుగు వేలు కిస్తీ కడతాను. అంటే నీకు కాదు, పోస్టాఫీసుకి. నా పేరు మీద."

సంగతంతా విని జీవమణి గుండె మీద చెయ్యి వేసుకుంది. "యేసయ్యా! ఏందక్కా గిది? నేనైతే అబద్ధమాడ. ఆదివారం చర్చిల ఏ మొఖం పెట్టుకొని కూసోవాలె?"

"నువ్వు ఆడొద్దమ్మా, ఆ పాపమేదో నేనే పడతాను. ఎవరైనా అడిగితే నువ్వు నవ్వు చాలు."

జీవమణి గుండె మీది చెయ్యి దించింది. "నవ్వుడైతే నవ్వుత," అంది.

అలా పుట్టింది అప్పు. ప్రతినెలా ఐదో తారీఖున వసుమతి పంజాగుట్ట పోస్టాఫీసు వరసలో నిలబడేది. ఐదు ఆదివారమైతే నాలుగునే వెళ్ళేది. పాస్‌బుక్కు ఇంట్లో పెడితే బీరువా సంగతి తెలిసిందే కాబట్టి జీవమణికే ఇచ్చేసింది. ఆవిడ దాన్ని తన జిప్పు కవరు బైబిల్లో పెట్టి జిప్పు లాగేసింది. అంతకంటే భద్రమైన లాకరు అమీర్‌పేటలో లేదని ఇద్దరికీ నమ్మకం.

అప్పు మహిమ అంతా ఇంతా కాదు. రఘురామ్ నిట్టూర్పులు ఇంటి దాకా రావడం మానేశాయి. ఐదో తారీఖు దగ్గర పడుతుంటే "కిస్తీ సర్దావా వసూ?" అని ఆయనే గుర్తు చేసేవాడు. ఒకసారి రెండు వందలు తక్కువైతే తన సిగరెట్ల డబ్బు తెచ్చి చేతిలో పెట్టాడు. చుట్టాలు ఏదైనా అడగబోయి, వసుమతి ముఖం చూసి, "పోన్లే, నీకే బోలెడు అప్పుంది" అని ఊరుకునేవారు. ఐదేళ్ళకి మొదటి ఖాతా పండింది. దాన్ని అలాగే డిపాజిట్ వేసి, రెండోది మొదలుపెట్టింది.

నష్టపోయింది ఒక్క జీవమణే. "వడ్డీలు తినే మనిషి" అన్న పేరు ఎర్రమంజిల్ దాకా పాకింది. "మీ హరిణి నన్ను జూసి మొఖం తిప్పుకొని పోతున్నదక్కా. నమస్తే సుత లేదు," అని మొత్తుకునేది. "నేను ఎవ్వరికి పది రూపాయలు వడ్డీకి ఇయ్యలే జన్మల!"

హరిణి వసుమతి కూతురు. ఇరవై ఆరేళ్ళు, బేగంపేటలోనే ఉద్యోగం. ఆఫీసులో పొద్దస్తమానం అంకెల పట్టికలతోనే పని. ఆ చేత్తోనే ఒక ఆదివారం వాళ్ళమ్మ అప్పుని కూడా పట్టికలో వేసి చూసింది.

"అమ్మా! ఏడేళ్ళలో మూడు లక్షల ముప్పై ఆరు వేలు కట్టావు. ఇంకా అసలు అసలులాగే ఉందంటావేంటి? ఇది వడ్డీ కాదు, దోపిడీ! ఆవిడ మీద కేసు పెట్టొచ్చు తెలుసా?"

"నెమ్మదిగా తీరుతుందిలేవే," అంది వసుమతి పప్పు ఎనుపుతూ. అప్పు పుట్టించడం ఎలాగో ఆలోచించింది గానీ, దాన్ని తీర్చేయడం ఎలాగో ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఇంతలో రఘురామ్‌కి అరవై నిండాయి. ఆఫీసులో దండ వేసి, శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చి పంపించారు. పీఎఫ్‌లో సగం ఎప్పుడో అడ్వాన్సులుగా తీసి వాళ్ళకీ వీళ్ళకీ సర్దేశాడు. మిగిలింది, గ్రాట్యుటీ కలిపి ఏడు లక్షలు అప్పటికే బ్యాంకులో పడ్డాయి. ఆ సాయంత్రం దండ ఇంకా మెళ్ళో ఉండగానే ఆయన ప్రకటించాడు.

"ఈ డబ్బుతో మొట్టమొదట చేసే పని, నీ అప్పు తీర్చడం. రేపే కొట్టుకొచ్చి జీవమణికి చెక్కు రాసిస్తాను. ఏడేళ్ళుగా నీ కాళ్ళు అరిగిపోయాయి వసూ. నా వల్ల ఏమీ కాలేదు."

వసుమతికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత మంచి మాట ముప్పై ఏళ్ళలో వినలేదు. ఇంత ఇరకాటంలోనూ ఎప్పుడూ పడలేదు. నిజం చెబితే ఏడేళ్ళు నన్ను నమ్మలేదా అంటాడు. పైగా, ఉందని తెలిసిన డబ్బు ఆ ఇంట్లో నిలబడదు. చెప్పకపోతే ఆయన కష్టార్జితం లేని అప్పుకి ధారపోస్తాడు. ఆ మూడు లక్షలు కూడా జీవమణి తీసుకుని పాస్‌బుక్కులో వేసేస్తే ఏం పోయిందన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడింది. మరీ ఎక్కువగా కాదు.

పొద్దున్నే పరుగున వెళ్ళి చెబితే జీవమణి రెండు చేతులూ అడ్డంగా ఊపేసింది.

"నవ్వుమంటే నవ్వినక్కా, ఏడేండ్లు నవ్వినా. పైసలు పట్టుకునుడు నాతోని కాదు. గీసారి నువ్వే చెప్పుకో."

చెప్పుకునే వ్యవధి ఏదీ? పదకొండింటికి రఘురామ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెక్కుబుక్కు జేబులో పెట్టుకుని వచ్చాడు. వెనకాల ఆఫీసుకి సెలవు పెట్టిన హరిణి, చేతిలో మూడు పేజీల వడ్డీ లెక్కతో. చీర అంచు మెషిన్ కింద ఉండగానే వసుమతి కాలు ఆగిపోయింది.

"ఆంటీ, ఏ లెక్కన వేశారండీ ఈ వడ్డీ?" అని హరిణి మొదలుపెట్టింది.

జీవమణి నవ్వింది.

"నవ్వుతారేంటండీ? మా అమ్మ కళ్ళు పోగొట్టుకుని సంపాదించిన డబ్బండీ ఇది!"

జీవమణి ఇంకా నవ్వింది. వేరే దారి లేదు మరి. లంగా కొనడానికొచ్చిన ఒకావిడ బేరం ఆపి చూస్తూ నిలబడింది.

రఘురామ్ కూతుర్ని వారించాడు. కౌంటరు ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"అమ్మా జీవమణీ, గొడవకి రాలేదు. అవసరానికి ఆదుకున్నావు, ఆ విశ్వాసం ఉంది మాకు. ఎంత మిగిలిందో నువ్వే చెప్పు తల్లీ. ఎంతంటే అంతా రాసేస్తాను. ఆవిడని ఇంక ఇబ్బంది పెట్టకు."

జీవమణి నవ్వు అక్కడ ఆగిపోయింది. ఒక్కసారి వసుమతి వైపు చూసింది. చూసి, గల్లాపెట్టె పక్కనున్న బైబిలు తీసింది. జిప్పు లాగి, పాస్‌బుక్కులు బయటికి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"అన్నా, గిదే అక్క అప్పు. నాకు ఎవ్వరు ఒక్క రూపాయి సుత బాకీ లేరు. నన్ను మాఫ్ చెయ్యి, ఇగ నవ్వుడు నాతోని కాదు."

రఘురామ్ కళ్ళజోడు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్ళు బిల్లులు చూసిన కళ్ళు. మొదటి పేజీలో పేరు చూశాడు, చివరి పేజీల్లో మొత్తం చూశాడు. అన్నీ కలిపి నాలుగు లక్షల పంతొమ్మిది వేలు. ప్రతి పేజీలో ఐదో తారీఖు, ఐదో తారీఖు, అక్కడక్కడా నాలుగు. హరిణి ఆయన భుజం మీంచి తొంగి చూసి, చేతిలో కాగితాలు మెల్లిగా నాలుగు మడతలు పెట్టి సంచిలో దోపేసింది.

"నాకు చెప్పలేదేం వసూ?" అన్నాడు పాస్‌బుక్కులు మూసి.

"చెబితే ఉండేదా?" అంది వసుమతి.

దెప్పుదామని అన్న మాట కాదు. నిజంగానే అడిగింది. ఆయన అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. చిన్నబోయిన ఆ ముఖం వసుమతి చూసింది. తప్పు చేశానా అనుకుంది. వెంటనే, చెయ్యలేదు అనుకుంది. రెండూ అనిపించాయి, దేన్నీ తోసెయ్యలేకపోయింది.

"ఆంటీ," అంది హరిణి నెమ్మదిగా, తలవంచుకుని. "నాకూ ఒక అప్పిస్తారా? నెలాఖరుకి నా జీతం ఎక్కడికి పోతోందో నాకే తెలీదు."

"యేసయ్యా, మల్లొకటా!" అంది జీవమణి.

మూలనుంచి కుసుమకుమారి గొంతు వినిపించింది. "అమ్మాయ్, సూదులైపోయాయే."

వసుమతి దారం అందుకుంది. ఒకసారి తప్పింది, రెండోసారి తప్పింది. మూడోసారి కూడా తప్పాక రఘురామ్ లేచొచ్చి, సూది ఆమె చేతిలోంచి తీసుకుని, వెలుగుకేసి పట్టుకుని, దారం కొసని నాలికతో తడిపి ఎక్కించాడు. ఎక్కించి ఉండకి గుచ్చి, ఇంకో సూది తీశాడు. లంగా కొనడానికొచ్చినావిడ బేరమాడకుండా చెప్పినంతా ఇచ్చి వెళ్ళిపోయింది.

ఆరో సూది దగ్గర ఆయన ఫోన్ మోగింది. సత్యనారాయణగారు. ఆయన మామూలుగా మాట్లాడితేనే వీధి చివరికి వినిపిస్తుంది.

"ఏమోయ్ రఘూ! రిటైరయ్యావటగా! మంచిది, మంచిది. ఈసారి గానుగ నూనె పెడుతున్నానోయ్. జనం ఎగబడుతున్నారు. ఓ ఐదు లక్షలు నువ్వు సర్దావంటే, సంక్రాంతి లోపల నీ డబ్బు నీ ఇంటికి..."

రఘురామ్ ఒక నిట్టూర్పు విడిచాడు. వసుమతికి ఆ నిట్టూర్పు బాగా తెలుసు. దాని తర్వాత రెండోది వస్తుంది. అది వచ్చిందంటే ఏడు లక్షల్లో ఐదు పోయినట్టే. ఆమె మెషిన్ చక్రం మీద చెయ్యి ఆనించి కూర్చుంది.

రెండోది రాలేదు.

"లేదు బావగారూ," అన్నాడు రఘురామ్. ఆ మాట ఆయనకే కొత్తగా తగిలినట్టు మళ్ళీ అన్నాడు. "లేదండీ. మా ఆవిడ అప్పుంది కదా, అది తీర్చాలి. చాలా పెద్దది. వడ్డీ కూడా పెరిగిపోయింది."

"అయ్యో! అప్పు అప్పే కదోయ్," అన్నారు అవతల్నుంచి. ఇంకో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశారు.

రఘురామ్ ఫోన్ జేబులో వేసుకున్నాడు. "అక్క మొగుడితో అబద్ధమాడాను," అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా భార్యని చూస్తూ.

"అబద్ధం ఎక్కడాడారు?" అంది వసుమతి. "అప్పు ఉన్నమాట నిజమే. కట్టాల్సింది మీరు, నాకు."

ఆయనకి చీటీ గుర్తొచ్చిందో, రెండు పేటల గొలుసే గుర్తొచ్చిందో, వేళ్ళు ఒకటొకటిగా ముడిచి మళ్ళీ వదిలేశాడు. తర్వాత ఏడో సూది తీసి వెలుగుకేసి పట్టుకున్నాడు.

"నెలకి ఎంత కట్టాలి?"

"నాలుగు వేలు," అంది వసుమతి, ఆగిన చోటునుంచి పీకో అందుకుంటూ. "ఐదో తారీఖు దాటకూడదు."